ఎడమచేతాయన కమ్మలు

మా ఆవిడను వీధిలో అందరూ భూతద్దం అంటారు. ఆమె ఎదుట అనరు, నా ఎదుట అంటారు. "భూతద్దం గారు ఇంట్లో ఉన్నారా?" అని అడిగేవాడికీ తెలుసు, నాకూ తెలుసు, కోపం తెచ్చుకుని లాభం లేదని. నాది కళ్ళజోళ్ళ దుకాణం. ఆ భూతద్దం అసలు నాది. ఫ్రేముల్లో ఉండే సన్నటి మరలు చూసుకోవడానికి ముచ్చటపడి కొనుక్కున్నాను. పెళ్ళయిన కొత్తలో "ఒక్కసారి ఇలా ఇవ్వండి" అని తీసుకుంది. ఆ ఒక్కసారి ఇంకా పూర్తి కాలేదు. చివరికి నేనే ఇంకోటి కొనుక్కున్నాను.

పాత బంగారు నగలంటే మా ఆవిడ చెవి కోసుకుంటుంది. కొత్తవంటే మొహం తిప్పుకుంటుంది. ఈ సంగతి విని "అదృష్టవంతుడివయ్యా, కొత్త నగలు అడగదు" అని నా భుజం తట్టిన వాళ్ళున్నారు. వాళ్ళందరూ ఒక్క పూట ఆమెతో కలిసి ఎక్కడికైనా వెళ్ళి రావాలి. నలుగురు ఆడవాళ్ళు కనిపిస్తే చాలు, మా ఆవిడ వెళ్ళి వాళ్ళ వెనక నిలబడుతుంది. ముందు కాదు, వెనక. నగను ముందునుంచి చూసేవాళ్ళకు నగలు తెలియవని ఆమె సిద్ధాంతం. అతుకులూ, కొక్కేలూ, ఆకురాయి గీతలూ అన్నీ వెనకే ఉంటాయట. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరి మెడలోని పతకాన్నో చటుక్కున బోర్లా తిప్పేస్తుంది. ఆ మెడ గలావిడ ఉలిక్కిపడి నా వైపు చూస్తుంది. నేను గోడ గడియారం వైపు చూస్తాను.

మా మేనత్త పోయినప్పుడు పరామర్శకు వెళ్ళాం. మేనత్త కూతురు మా ఆవిడ భుజం మీద వాలి భోరుమంది. మా ఆవిడ మెల్లిగా ఆమె మెడ వెనక నిమురుతోంది. ఎంత మంచి మనసు అనుకున్నాను. నిమరడం కాదు, గొలుసు కొక్కెం తడుముతోంది. కాసేపటికి నెమ్మదిగా, "ఇది అత్తయ్యగారి గొలుసు కాదు వదినా. ఈ అతుకు మొన్నమొన్నటిది," అంది. ఏడుపు ఠక్కున ఆగిపోయింది. అసలు గొలుసు ఎవరు మార్చారన్న దాని మీద అన్నదమ్ములు చొక్కాలు పట్టుకున్నారు. మేం చెప్పులు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చి పడ్డాం.

తిట్టుకుంటాను గానీ, ఆమెకు తెలిసింది తెలుసు, కాదనను. చేత్తో లాగిన తీగ ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉంటుందని, పాత కెంపుల్లో ఏ రెండూ ఒక్కలా ఉండవని నాకు చెప్పింది ఆమే. అన్నిటికన్నా ఆమెకు ఇష్టం అరుగుదల. బంగారం మెత్తన కాబట్టి, మనిషి ఎలా వాడితే అలా అరుగుతుందట. ఒకాయన అమ్మడానికి తెచ్చిన లాకెట్టును ఇటూ అటూ తిప్పి, "దీన్ని పెట్టుకున్నావిడ ఊరికే ఉన్నప్పుడల్లా నోట్లో పెట్టుకుని కొరికేది," అంది. ఆయన నోరు వెళ్ళబెట్టి, "మా అమ్మమ్మే. దెబ్బలు కూడా తినేది దానికి," అన్నాడు.

ఇంతా చేసి ఆమె సేకరణ ఒక బిస్కెట్ల డబ్బాలో పడుతుంది. పాత బంగారం కొనే కొట్టాయన కరిగించడానికి పక్కన పెట్టిన వాటిలోంచి ఏరుకుని, తూకానికి తూకం ఇచ్చి తెచ్చుకున్నవే అన్నీ. రాయి లేని ఉంగరం, ఉంగరం లేని రాయి, సగం గొలుసు, ఒంటి గాజు. ఒక్కటీ పూర్తిగా లేదు, ఒక్కటీ పెట్టుకోవడానికి పనికి రాదు. "ఇదేం సరదానే, పెట్టుకోలేని బంగారం?" అంటే, "మీ దుకాణంలో అన్ని కళ్ళజోళ్ళున్నాయి, అన్నీ మీరే పెట్టుకుంటున్నారా?" అంటుంది.

ఆ డబ్బాలో సగం వస్తువులు ఒక్క మనిషి చేతివని ఆమె నమ్మకం. ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఎప్పుడో పోయిన కంసాలి. ఆకురాయి గీతలన్నీ మిగతావాళ్ళకు వ్యతిరేకంగా పడి ఉంటాయని, అందుకని ఆయనది ఎడమచేతి వాటమని తేల్చింది. అప్పట్నుంచి ఆయన మా ఇంట్లో ఒక మనిషి అయిపోయాడు. "ఎడమచేతాయన ఇంత మొరటుగా అతకడు." "ఎడమచేతాయనకి తొందరన్నది తెలియదు, మీలాగా కాదు." పోయినవాడి మీద కుళ్ళుకోవడం ఏమిటని మీరనొచ్చు. రోజూ అన్నం తింటూ ఆయన గొప్పలు వినండి, అప్పుడు మాట్లాడదాం.

ఆ డబ్బాకంతటికీ రాణి ఒక ఒంటి కమ్మ. ఏడు రేకుల పువ్వు, మధ్యలో కెంపు. ఆరు రేకులు బుద్ధిగా ఉంటాయి, ఏడోది పక్కింట్లోకి తొంగి చూస్తున్నట్టు ఒక పక్కకి వంగి ఉంటుంది. అది ఎడమచేతాయన గారి సంతకమట. కొట్టాయన దాన్ని కరగబెట్టబోయింది వెనక శీల ఊడి రావడం లేదనే. మా ఆవిడ తెచ్చి నాకిచ్చింది. మరలు విప్పడంలో నన్ను మించినవాడు లేడని నాకో పేరుంది. ఎడమకు తిప్పాను, నూనె వేసి తిప్పాను, వేడి చేసి తిప్పాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఇక ఒళ్ళు మండి, "నీ అంతు చూస్తా, అసలు రాకుండా బిగించేస్తా" అని కుడికి తిప్పాను. సుతారంగా ఊడి వచ్చింది.

అదీ సంగతి. ఎడమచేతాయన మర కూడా ఎదురు కోశాడు. అందరి శీలలూ ఎడమకు తిప్పితే వదులవుతాయి, ఆయనవి కుడికి తిప్పితే వదులవుతాయి. ఈ విషయం కనిపెట్టింది నేను. ఇంటికి వచ్చినవాళ్ళకు మాత్రం తానే కనిపెట్టినట్టు చెబుతుంది.

శీల ఊడాక కమ్మ వీపు మీద సూదితో పొడిచినట్టు రెండు చుక్కలు కనిపించాయి. చేత్తో కోసిన మర కాబట్టి ఒక కమ్మ శీల ఇంకో కమ్మకు పట్టదు. తారుమారు కాకుండా కుడి చెవి కమ్మకు ఒక చుక్క, ఎడమ చెవి కమ్మకు రెండు చుక్కలు పెట్టుకున్నాడన్నమాట. అంటే ఒంటి చుక్క కమ్మ ఒకటి ఎక్కడో ఉంది. ఆ రోజు నుంచి మా ఆవిడ దాని కోసం కళ్ళలో వత్తులు వేసుకుని వెతుకుతూనే ఉంది. బస్సులో, ఆసుపత్రిలో, కూరల కొట్టు దగ్గర, ఆడవాళ్ళ చెవులు తప్ప ఇంకేమీ చూడదు. "ఆ ఒక్కటి దొరికితే చాలండీ. మొత్తం డబ్బాలో ఒక్క జతైనా పూర్తయిందని కన్ను మూస్తాను," అనేది. నవ్వుతాలుకు కాదు. ఆమె నిజంగా కోరుకున్నది నేను చూడగా అదొక్కటే.

ఇలా ఉండగా ఒక ఎండపూట దుకాణానికి ఒక పెద్దావిడ వచ్చింది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, సన్నగా, నిటారుగా, పోట్లాటకు సిద్ధంగా ఉంది. కుర్చీలో కూర్చుంటూనే, "నాకన్నీ బాగానే కనిపిస్తాయి. మా వాడి పోరు పడలేక వచ్చాను," అంది. గోడ మీది అక్షరాల అట్ట చూపించి పై వరస చదవమన్నాను. "అది గడియారం కదూ?" అంది.

అద్దాల లెక్క తేలాక ఫ్రేము సరిచూడటం మొదలుపెట్టాను. కళ్ళజోడు కాడ చెవి వెనక సరిగ్గా ఒంగాలి, లేకపోతే జారుతుంది, లేదంటే పుండు పడుతుంది. అందుకని నేను మనుషుల చెవుల వెనక చూస్తాను. నేనూ మా ఆవిడా ఇద్దరం వెనక వైపు చూసే బాపతే. పెద్దావిడ ఎడమ చెవికి నగ లేదు, తూటు పూడిపోకుండా చిన్న పుల్ల ముక్క ఉంది. కుడి చెవి వెనక కాడ దించబోతే కొస దేనికో తగులుకుంది. పైకి లాగితే రాదు, కిందికి తోస్తే పోదు. వంగి చూశాను. కమ్మ శీల. ముందుకు వచ్చి చూశాను. ఏడు రేకులు, కెంపు, పక్కింట్లోకి తొంగి చూస్తున్న ఏడో రేకు.

"ఏమేవ్," అని దుకాణం వెనకే ఉన్న మా ఇంట్లోకి కేకేశాను. "ఒక్కసారి ఇలా రా."

"పొయ్యి మీద కూరుంది," అంది లోపల్నుంచి.

"మాడిపోనీ."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నా నోటినుంచి ఎప్పుడూ రాలేదు. అందుకే పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను కళ్ళతోనే చూపించాను. అంతే, నమస్కారం లేదు, మీరెవరని లేదు, భూతద్దం కంటికి పెట్టుకుని పెద్దావిడ చెవి పట్టేసుకుంది. పెద్దావిడ ఒళ్ళోని సంచీ ఎత్తి చేతి మీద ఒక్కటిచ్చింది.

"ఇది కళ్ళ దుకాణమా, చెవుల దుకాణమా?" అంది నన్ను చూసి.

"పిన్నిగారూ, ఒక్కసారి అది తీసి ఇస్తారా? వెనక చూసి ఇచ్చేస్తాను," అంది మా ఆవిడ, చెయ్యి రుద్దుకుంటూ.

"అది రాదు," అంది పెద్దావిడ, కొంచెం గర్వంగానే. "మా ఆయన తియ్యబోయి ఓడిపోయాడు. మా మరిది ఓడిపోయాడు. మా వాడు పటకారు పెట్టి లాగాడు. చెవి వచ్చేట్టుంది గానీ అది రాలేదు."

"రెండోది ఏమైందండీ?"

"కాకి ఎత్తుకుపోయింది."

"నేను తీస్తాను పిన్నిగారూ, నొప్పి తెలియకుండా..."

"నువ్వూ వద్దు, నీ నొప్పీ వద్దు. అద్దాలయ్యాక కబురు చెయ్యండి." తగులుకున్న కాడను తనే విదిలించుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి కూరలో ఉప్పు లేదు. మర్నాడు రెండుసార్లు పడింది. మా ఆవిడ రెండు చుక్కల కమ్మను అరచేతిలో పెట్టుకుని కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. "ఒక్క జత. ఇది కలిస్తే ఇంక ఎవరి మెడా పట్టుకోను, ఒట్టు," అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇక పెళ్ళిళ్ళకు చెప్పులతో వెళ్ళి చెప్పులతో తిరిగి రావచ్చు.

నాలుగు రోజులకు పెద్దావిడ కొడుకు వచ్చాడు. పాత మోటారు సైకిళ్ళు కొని అమ్ముతుంటాడు. వీధిలో అతన్ని గొలుసు అంటారు, ఎందుకంటే ముందు గొలుసు వస్తుంది, వెనక అతను వస్తాడు. ఎద్దును కట్టేయడానికి సరిపోయేంత గొలుసు.

"మీ ఆవిడ మా అమ్మ చెవి పట్టుకుందట," అన్నాడు.

క్షమించమనడానికి నోరు తెరిచాను.

"తీస్తుందా మరి?" అన్నాడు.

తెర వెనక నుంచి మా ఆవిడ వచ్చేసింది. "తీస్తాను."

"తీస్తే మీరే ఉంచుకోండి. దాని బరువుకి బంగారం ఇవ్వండి చాలు. నా గొలుసు బొత్తిగా పల్చగా ఉంది, ఇంకో వరస కలపాలి. అమ్మ నగలన్నీ అప్పుడు నాన్న, ఇప్పుడు నేను, ఎప్పుడో వాడేశాం. ఇదొక్కటే మొండికేసింది."

ఆ చివరి మాటలు మా ఆవిడ చెవిదాకా వెళ్ళలేదు. మొహం వెలిగిపోతోంది. ఆమె అంత ఆనందంగా ఉండటం మా పెళ్ళి ఫోటోలో కూడా లేదు. అద్దాలు తీసుకోవడానికి వచ్చినప్పుడే పని కానిచ్చేద్దామన్నాడు గొలుసు.

ఆ రోజు పెద్దావిడను అద్దం ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. గొలుసు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దావిడ ఈసారి సంచీ ఎత్తలేదు, పోట్లాడలేదు. కొడుకు ముందు ఆ నిటారు మనిషి కాస్త కుంచించుకుపోయింది. "వద్దురా," అంది ఒక్కసారే. "ఊరుకో అమ్మా, చిటికెలో పని," అన్నాడు గొలుసు.

మా ఆవిడ భూతద్దం పెట్టుకుని చెవి వెనక చూసింది. వేళ్ళు శీల మీద పెట్టింది. అక్కడే ఆగిపోయింది. నేను అద్దంలో చూస్తున్నాను. ఆమె మొహంలోని వెలుగు మెల్లిగా తగ్గింది. ఒకసారి పెద్దావిడ కళ్ళలోకి చూసింది, ఒకసారి గొలుసు వైపు చూసింది. తర్వాత శీల పట్టుకుని బలంగా ఎడమకు తిప్పడం మొదలుపెట్టింది.

నాకు మతి పోయింది. ఎడమకు తిప్పితే బిగుస్తుంది కదా. ఇన్నేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని, అసలు సమయానికి మరిచిపోయిందే అనుకుని, "అటు కాదే, ఇ..." అన్నాను. మడమతో నా కాలి బొటనవేలి మీద నిలబడింది. తెలియక కాదు, పూర్తి బరువుతో.

"అబ్బే, రావడం లేదండీ," అంది గొలుసుతో. "మీరొకసారి చూడండి. మగవాళ్ళ చెయ్యి కదా."

గొలుసు చొక్కా చేతులు మడిచాడు. లోకంలో అందరూ తిప్పే వైపే తిప్పాడు. పళ్ళు బిగించి తిప్పాడు, ఊపిరి బిగబట్టి తిప్పాడు. మెడలో గొలుసు ఊగి ఊగి అద్దానికి తగిలింది. పెద్దావిడ "చచ్చాన్రోయ్" అని వీధి చివరిదాకా వినబడేట్టు కేక పెట్టింది. ముందు కొట్టు వాళ్ళు ముగ్గురు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అందులో ఒకాయన ఎనభై ఏళ్ళ తల్లి చెవి మెలిపెడుతున్న కొడుకును చూసి, "ఏం మనిషివయ్యా?" అన్నాడు.

గొలుసు చెయ్యి తీసేశాడు. మొహం కందగడ్డలా అయింది.

"ఇక చెవి కొయ్యడమొక్కటే దారి," అంది మా ఆవిడ నింపాదిగా. "కోసినా కమ్మ ముక్కలవుతుంది. దానికి విలువ ఉండదు. వదిలేసుకోండి, ఇది వచ్చే రకం కాదు."

"దరిద్రపు కమ్మ," అని గొలుసు బయటికి నడిచాడు. మోటారు సైకిలు చప్పుడు సందు తిరిగిపోయింది.

పెద్దావిడ చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా ఆగింది. "వెళ్ళాడా? ఒకసారి బయట చూడు నాయనా," అంది. చూసి వెళ్ళాడన్నాను. అప్పుడు తాపీగా రెండు వేళ్ళు చెవి వెనక పెట్టి శీలను కుడికి తిప్పింది. కుడికే. రాలేదు. మళ్ళీ తిప్పింది. రాలేదు.

"వీడి జిమ్మడ," అంది. "రోజూ వస్తుంది. ఇవాళ రావడం లేదు."

నేను నోరు వెళ్ళబెట్టాను. మా ఆవిడ మాత్రం నవ్వడం మొదలుపెట్టింది. "ఆ శీల అంచు చూశాను పిన్నిగారూ. అద్దంలా నున్నగా ఉంది. ఏళ్ళ తరబడి కదలని శీల చుట్టూ మట్టి గడ్డకట్టి ఉండాలి. ఇది రోజూ వేళ్ళ మధ్య తిరిగే శీల. మీరు తీస్తారు, ఎవరికీ చెప్పరు."

"స్నానానికి తీస్తాను. పడుకునేముందు చెవి దురద పెడితే తీస్తాను," అంది పెద్దావిడ. "కొత్తలో నేనే తిప్పి తిప్పి కనిపెట్టాను. ముందు ఇది తియ్యి నాయనా, వాడు తిప్పిన తిప్పుడికి చెవి మండిపోతోంది."

ఆ పూట దుకాణంలో నాక్కూడా ఒక విలువ వచ్చింది. కొసలకు రబ్బరు చుట్టిన నా చిన్న పటకార్లు రెండు తీసి, ఒక చుక్క నూనె వేసి, కమ్మ కాడను ఒక దానితో పట్టుకుని, శీలను రెండో దానితో మెల్లిగా కుడికి తిప్పాను. ఊడింది. కమ్మ వీపు తుడిచి మా ఆవిడ భూతద్దం కింద పెట్టింది. ఒక చుక్క. చాలాసేపు చూసింది. "ఒకటే," అంది.

పెద్దావిడ చెవి రుద్దుకుంటూ చెప్పింది. అవి ఆమె పెళ్ళి నాటి కమ్మలు. ఒకరోజు స్నానానికి వెళ్తూ ఎడమ చెవిది ముందు తీసి కిటికీలో పెట్టింది. నీళ్ళు కాగాయో లేదో చూసి వచ్చేసరికి లేదు. భర్త అక్కడే కూర్చుని ఉన్నాడు. కాకి ఎత్తుకుపోయిందన్నాడు. ఆ సాయంత్రం అతని చేతికి కొత్త గడియారం ఉంది.

"అది చూసి నేనేమీ అనలేదు," అంది పెద్దావిడ. "ఈ రెండోది మాత్రం రావడం లేదన్నాను. ఆ రోజు నుంచీ రావడం లేదనే చెబుతున్నా. గాజులు పోయాయి, గొలుసులు పోయాయి, ఉంగరాలు పోయాయి. రానిది ఒక్కటే మిగిలింది."

మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. నాకు తెలుసు ఆమె ఏం చేస్తోందో. ఆ కమ్మను పక్కింటావిడ చేతికి ఇవ్వమంటేనే ఒప్పుకునేది కాదు. ఎన్నేళ్ళుగానో వెతికిన జత గుమ్మంలోకి నడిచి వచ్చింది, కానీ వచ్చింది ఇది తీసుకుపోవడానికి. నేను వెళ్ళి ఏదైనా చెబుదామనుకున్నాను. లేవకుండా పటకార్లు తుడుస్తూ కూర్చున్నాను.

వచ్చింది. పెద్దావిడ ముందు పిడికిలి చాచింది, పిడికిలి తెరుచుకోలేదు. ఎడమ చేత్తో తన వేళ్ళు తనే విప్పుకుంది. "ఇది మీదే పిన్నిగారూ," అని ఏడ్చేసింది. నా కళ్ళు కూడా చెమర్చాయి. నూనె ఘాటు అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

పెద్దావిడ కమ్మను వెనక్కి తిప్పి, వేలితో ఆ రెండు చుక్కలూ తడిమింది. ఎడమ చెవిలోని పుల్ల తీసి సంచీలో వేసుకుంది.

"ఇంతకాలం తూటు పూడకుండా పుల్ల పెట్టుకున్నారా?" అన్నాను.

"కాకి ఎప్పుడైనా తెచ్చిస్తుందేమోనని," అంది.

రెండూ పెట్టుకుంది. నేను కొత్త కళ్ళజోడు తెచ్చి పెట్టాను. అద్దంలోకి చూసి అదిరిపడింది. "ఇంత ముసలిదాన్నయ్యానా? ఈ అద్దాలు బాగాలేవు నాయనా, మార్చు," అంది. తర్వాత తల ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఏడో రేకులు రెండూ ఎదురెదురుగా వంగి, ఆమె ముఖం వైపు చూస్తున్నాయి. విడిగా చూస్తే వంకర, జతగా చూస్తే అందం. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచి, "చూశారా? ఎడమచేతాయన ఊరికే వంచలేదు," అంది, కన్నీళ్ళు తుడుచుకుంటూనే. అక్కడ కూడా ఆయనే.

కాసేపు చూసుకుని పెద్దావిడ ఎడమ చెవిది తీసేసింది. మా ఆవిడ చేతిలో పెట్టింది.

"నాకొద్దు, మీదే," అంది మా ఆవిడ.

"నాదని ఎవరు కాదన్నారు? నా దగ్గరుంటే ఈ పూటే మా వాడి మెడకెక్కుతుంది. దీన్ని పెట్టి తియ్యడం చూశాడంటే కుడి చెవిది కూడా ఊడి వస్తుందని వాడికి తెలిసిపోతుంది. నీ దగ్గరే ఉండనీ. నేను వస్తుంటాను. ఈ కళ్ళజోడు ఎలాగూ వదులవుతుంది."

"వదులవ్వదండీ, నేను బిగించింది," అన్నాను పౌరుషంగా.

"అవుతుంది," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక షరతు కూడా పెట్టింది. ఇద్దరిలో ఎవరు ముందు పోతే వాళ్ళ కమ్మ రెండోవాళ్ళకు. మా ఆవిడ తెల్లబోయింది. పెద్దావిడ తనకన్నా ఇరవై ఏళ్ళు పెద్దది. "ఏం అమ్మాయ్, నీకు బీపీ ఉందట కదా?" అంది పెద్దావిడ. ఆ కబురు ఎక్కడ సంపాదించిందో తెలియదు.

అప్పట్నుంచి ప్రతి వారం వస్తుంది. గొలుసు తన మోటారు సైకిలు మీద తెచ్చి దింపి, "ఏం కళ్ళజోడు అమ్మారండీ, ఊరికే వదులవుతుంది" అని నన్ను నాలుగు చివాట్లు పెట్టి పోతాడు. చేసే పనికి అంత మంచి పేరున్నవాణ్ణి, నోరు మూసుకుని పడతాను. చప్పుడు సందు తిరగ్గానే మా ఆవిడ డబ్బా తెస్తుంది. పెద్దావిడ రెండు కమ్మలూ పెట్టుకుని, అద్దం ముందు కూర్చుని, టీ తాగుతుంది. మా ఆవిడ ఎదురుగా కూర్చుని పూర్తయిన జతను చూసుకుంటుంది. ఒకరి ఆరోగ్యం ఒకరు అడుగుతారు. అడిగే తీరు నాకు నచ్చదు. పోయిన వారం మా ఆవిడ రెండుసార్లు తుమ్మింది. పెద్దావిడ కప్పు దించి, "జలుబా? ఆ డబ్బా ఎక్కడ పెడతావు?" అంది. మర్నాటి నుంచి మా ఆవిడ పొద్దున్నే లేచి నడకకు వెళ్తోంది, నన్ను కూడా లాక్కుని. దారిలో కనబడ్డ ఆడవాళ్ళ మెడలు యథాప్రకారం తిప్పి చూస్తోంది. ఒట్టు సంగతి ఎత్తితే, జత కలిసింది గానీ మనింట్లో కలవలేదు కదా అంటుంది.

మోటారు సైకిలు చప్పుడు మళ్ళీ వినిపించేసరికి పెద్దావిడ టీ కప్పు పక్కన పెడుతుంది. ఎడమ చెవి శీల కుడికి తిప్పి, కమ్మ తీసి, పుల్ల పెట్టుకుంటుంది. కమ్మను మా ఆవిడ అరచేతిలో ఉంచి, వేళ్ళు ఒక్కొక్కటీ తనే మూసి, వచ్చిన ప్రతిసారీ ఒకే మాట చెప్పి వెళ్తుంది.

"జాగ్రత్త అమ్మాయ్, కాకులున్నాయి."